గేటు దగ్గర అస్కరి

ఆగస్టు 24, ఆదివారం

అమ్మ ఈ రోజూ అన్నం ముట్టలేదు. పది రోజులయింది.

కిందటి నెల ముప్పై తొమ్మిది కిలోలు. నిన్న క్లినిక్‌లో ముప్పై ఆరు. డాక్టర్ కుర్రవాడే గాని మాటలో నాన్చుడు లేదు. సెప్టెంబరు 22న మళ్ళీ తూస్తాడట. అప్పటికి ముప్పై నాలుగు కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సిందేనన్నాడు. ఎనభై మూడేళ్ళ మనిషికి వేసిన గొట్టాన్ని మళ్ళీ తియ్యడం అరుదు అని కూడా అన్నాడు. బయటికొచ్చాక అమ్మ అడిగింది, "ఏటన్నాడు?" అని. "తినాలంట" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ మలయా గడ్డ మీద, ఇపో కోర్టులో దుబాసీగా చేశాను. సాక్షి చెప్పిన దాంట్లో ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. అలాంటిదాన్ని అంత సంగతినీ ఒక్క ముక్కకి కుదించాను. కుదించడం వేరు, కల్పించడం వేరు అని కారెక్కాక నాకు నేనే చెప్పుకున్నాను.

ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఈ ఇంట్లో ఈ అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆయనకి తమిళం, మా అమ్మాయి మేనకకి ఇంగ్లీషు. అమ్మ మాట్లాడుతుంది గాని చదవలేదు. ఇంత మంచి తాళం ఏ బీరువాకీ లేదు.

ఆగస్టు 26

దుప్పట్లు ఉతకడానికి తీస్తే అమ్మ దిండు గలీబులోంచి ఎండిన మెతుకులు రాలాయి. రెండు గుప్పెళ్ళుంటాయి. చీమలు పట్టాయి.

ఒళ్ళు మండింది. కోప్పడితే ఏం లాభం, పసిపిల్లలా చూస్తుంది. మధ్యాహ్నం పక్కన కూర్చుని కలిపి పెట్టబోయాను. కంచం ముందుకు రాగానే నోరు బిగించేసింది. తినకపోతే పోనీ, పలకను కూడా పలకదు. అయిదుసార్లు పిలిచాను. తల ఇటు తిప్పలేదు. కంచం వంటింట్లోకి తీసుకెళ్ళగానే, "యోగి, ఎండ సానా ఉంది గదా" అంది, నన్ను పేరు పెట్టి పిలుస్తూ, ఏమీ జరగనట్టు.

మొండితనం. ఇంకేం కాదు.

బిస్కట్టు మాత్రం తింటుంది. రోజుకి మూడు.

ఆగస్టు 31, ఆదివారం

టీవీలో జాతీయ దినం కవాతు. ఆయన పొద్దున్నే పెట్టుకుని కూర్చున్నారు. సైనికులు వరసగా నడుస్తుంటే అమ్మ ముందుకి వంగి ఒక్కొక్కరి ముఖం చూసింది. తర్వాత వెనక్కి వాలి, "ఈళ్ళు కాదు" అంది.

"ఎవులమ్మా?"

"అస్కరి. ఈళ్ళు కాదు. ఆడు నల్లగా, ఇంత ఎత్తుంటాడు. మన గేటు కాడ ఉన్నాడు గదా. నివ్వు సూడనేదా?"

ఆయన నవ్వి, తమిళంలో, చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి, "అత్తకి ఇంకా కళ్ళు బాగానే ఉన్నాయి లా, నాకు గేటే కనబడదు" అన్నారు. అమ్మ నవ్వలేదు.

నేను వెళ్ళి చూశాను. పక్కింటివాళ్ళ చెత్తడబ్బా, మా కారు, రోడ్డు, దూరంగా సున్నపురాతి కొండ. అంతే.

సెప్టెంబరు 1

అస్కర్ అంటే మలాయ్‌లో సైనికుడు. ఇక్కడ పుట్టిన ఎవరికైనా తెలిసిన మాటే. అరబ్బీలో సైన్యం. కాని అమ్మ అస్కర్ అనలేదు. అస్కరి అంది. రెండుసార్లూ అలాగే అంది.

కోర్టు అలవాటు పోదు. సాక్షి నోట వచ్చిన మాటని సరిదిద్దకుండా యథాతథంగా రాసుకుని ఆ తర్వాత వెతకాలి. వెతికాను. అస్కరి ఆఫ్రికా మాట. తూర్పు తీరంలో స్వాహిలీ మాట్లాడేవాళ్ళు అరబ్బు వర్తకుల దగ్గర తీసుకున్నారు. తెల్లవాళ్ళు వచ్చి, తమ తుపాకీ పట్టిన నల్లవాడిని ఆ మాటతోనే పిలిచారు.

తెల్లవాళ్ళ పాలనలో ఇక్కడ ఎమర్జెన్సీ నడిచినప్పుడు, అడవుల్లో కమ్యూనిస్టులని పట్టడానికి బ్రిటిష్‌వాళ్ళు ఆ అస్కరీలని ఓడలెక్కించి మలయాకి తెచ్చారు. 1952 నాటికి ఇక్కడ ఉన్నారు. అమ్మకి అప్పుడు పదేళ్ళు. తాత పనిచేసిన రబ్బరు ఎస్టేట్ లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్ళలో, ఉండేది.

అంటే నల్లగా, ఎత్తుగా ఉన్నవాడు ఒకప్పుడు నిజంగానే ఉన్నాడు. అమ్మకి పిచ్చి లేదు. ఈ సంగతి తెలిస్తే నాకు ధైర్యం రావాలి. భయం వేసింది.

సెప్టెంబరు 3

ఇంటి కాటా మీద 35.2.

సెప్టెంబరు 5, శుక్రవారం

పొద్దుటి నుంచి ఈ మాట వెంటే తిరుగుతున్నాను. వంట ఆయనే చేశారు.

ఆ అరబ్బీ మాట కూడా పారశీకుల లష్కర్ నుంచి వచ్చిందని చాలామంది అంటారు. చదివి నవ్వొచ్చింది. మా నాన్నకి శ్రీకాకుళం నుంచి వచ్చిన పాత ఉత్తరాల్లో సగం లస్కరు మీద ఫిర్యాదులే. లస్కరు నీళ్ళు వదల్లేదు, లస్కరు వేరేవాళ్ళ వైపు తలుపెత్తాడు. కాలవ గట్టు మీద పార పట్టుకుని తిరిగే మనిషి, ఎవరి సైన్యంలోనివాడో ఎవరికి తెలుసు.

జర్మన్లు తూర్పు ఆఫ్రికాలో వాళ్ళ నల్ల సిపాయిలకి ఈ పేరే ఉంచుకున్నారు. ఆ మాటని వాళ్ళతోపాటు ఇంటికీ తీసుకుపోయారు. రెండో యుద్ధంలో, పట్టుబడ్డ పరాయి సైనికుల్లోంచి ఎంచి తమ చావు శిబిరాలకి కాపలా పెట్టుకున్న మనుషుల్ని కూడా అస్కరీలనే అన్నారట. ఇటలీవాళ్ళు ఎరిట్రియాలో, సొమాలియాలో ఊళ్ళకి ఊళ్ళు చేర్చుకుని అస్కారీ అన్నారు. పోర్చుగీసు వాళ్ళ పుస్తకాల్లోనూ ఉంది, టర్కీలో ఈ రోజుకీ ఉంది. మాట ఎక్కడికి పోయినా దాన్ని మొయ్యడానికి ఒక మనిషి దొరికాడు. తుపాకీ ఇంకొకరిది, హుకుం ఇంకొకరిది. గేటు దగ్గర నిలబడేది మాత్రం వాడు.

ఎనిమిది పేజీలు రాసుకున్నాను. చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది. అమ్మ తిన్నదా అని అడగడం మర్చిపోయాను.

సెప్టెంబరు 6

మేనక బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి ఫోన్ చేసింది. దాని ఆఫీసులో ఆఫ్రికా నుంచి వచ్చిన మొంబాసా అమ్మాయి ఒకతె ఉంది, అడగమన్నాను. వాళ్ళ ఊళ్ళో ఇప్పుడు అస్కరి అంటే వాచ్‌మన్ అట. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చుంటాడట. ఎవరొచ్చినా ఏం పని మీద వచ్చావని అడిగి, పుస్తకంలో రాసి, లోపలికి పంపుతాడట.

"అమ్మమ్మ ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

బాగుందన్నాను.

సెప్టెంబరు 8

గేటు దగ్గర ఎవరూ లేరు. చూశాను.

సెప్టెంబరు 9

మధ్యాహ్నం పన్నెండున్నర. కంచం తీసేశాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళలో అంత బలం ఇంకా ఎక్కడ దాచుకుందో.

"నీకు అందరి మాటలూ తెలుసు గదా."

"కొన్ని తెలుసమ్మా."

"సీనోళ్ళవి, మలాయోళ్ళవి, అన్నీ తెలుసు. జడ్జీలకి సెప్పినదానివి. ఎల్లి ఆడినోసారి అడుగు."

"ఎవుల్ని?"

"అస్కరిని. అయ్య సేరినాడా అని అడుగు."

అయ్య అంటే వాళ్ళ నాన్న, మా తాత. నేను పుట్టకముందే పోయాడు. అడవిలోంచి బందిపోట్లు వచ్చి ఎత్తుకుపోయారని మా అమ్మమ్మ చెప్పేది. అంతకంటే ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"అక్కడ ఎవులూ నేరమ్మా" అన్నాను.

నిజమే చెప్పాను. అమ్మ నా చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. బిస్కట్టు కూడా వద్దంది.

సెప్టెంబరు 10

34.8. నిజం చెప్పినందుకు.

సెప్టెంబరు 11

దక్షిణాఫ్రికా దగ్గర ఆగిపోయాను. అక్కడ పోరాటంలో ఉన్నవాడిని పట్టుకుని, కొట్టి, లొంగదీసి, తన వాళ్ళనే చూపించమనేవారట పోలీసులు. అలా వేలు చూపించినవాడిని అస్కరి అన్నారు.

వీరాస్వామి కేసు గుర్తొచ్చింది. దాని గురించి ఇక్కడ రాయను.

తాతబాబు మావయ్యకి ఫోన్ చేశాను. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, క్వాలా సెలంగోర్‌లో ఉంటాడు. వాళ్ళ నాన్న ఎలా పోయాడని అడిగితే, ఇవన్నీ ఫోన్లో మాట్లాడేవి కావన్నాడు. శనివారం రమ్మన్నాడు.

సెప్టెంబరు 13, శనివారం

ఇప్పుడే ఇద్దరం ఇంటికొచ్చాం, పొద్దుటి నుంచి అమ్మని పక్కింటావిడ చూసుకుంది. ఇప్పుడు ఆయన అమ్మ దగ్గరున్నారు. మర్చిపోకముందే రాయాలి. మర్చిపోతానా.

దారంతా పామాయిల్ తోటలు. మావయ్య ఇంటి వెనక కూడా అవే. డెబ్భై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళు పనిచెయ్యవు, టీ మాత్రం తనే చేసి తెచ్చాడు. నేను సంచి పక్కన పెట్టకుండానే మొదలెట్టాను.

"అమ్మ తినట్లేదు మావయ్యా. గేటు కాడ అస్కరి ఉన్నాడంటోంది."

గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఇంకా ఉన్నాడేటే ఆడు" అన్నాడు.

ఆయనకి తెలుగు సగమే అర్థమవుతుంది, కాని నా ముఖం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

మావయ్య పామాయిల్ చెట్ల వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు మహాలయ అమాస. మీ తాతకి అమ్మా నాన్నా పాత లైన్ల కాడే పోయినారు. రబ్బరు సెట్ల సివర కప్పెట్టినారు. ఎమర్జెన్సీ ఒచ్చి మమ్మల్నందర్నీ కంచె లోపలికి మార్చీసినారు. గోరీలు బయట ఉండిపోయినాయి. అమాసకి పెద్దలకి కూడెట్టాల గదా. కంచె దాటి బియ్యంగింజ పోకూడదు, అడివిలోవోళ్ళకి అందుతాదని. గేటు కాడ ఒళ్ళంతా తడిమీవోరు."

"పర్మిట్ అడగొచ్చు గదా?"

"ముందురోజు అడిగినాడు. సచ్చినోళ్ళకి రేషన్ నేదని లెక్కలు రాసీ కిరాణీ నవ్వినాడంట."

"మరి గేటు కాడ తడిమినప్పుడైనా సెప్పొచ్చు. ఇలగ, పెద్దల కూడని."

మావయ్య నా వైపు వింతగా చూశాడు. "నీకు తెల్దా? పెద్దల కూడు పట్టుకెల్లీవోడు నోరిప్పకూడదే. కుండ దించినకాణ్ణుంచి కాకి ముట్టీదాకా మాటాడకూడదు. ఎవులు పిలిసినా ఎనక్కి తిరక్కూడదు. తిరిగితే పెద్దలు ఆడితోటే ఇంటికొచ్చీస్తారు. కాకి ముట్టినాదని ఆడొచ్చి సెప్పీదాకా ఇంట్లో ఎవులూ మెతుకు ముట్టకూడదు. మనిళ్ళల్లో అలగే. మీ అమ్మ ఆ మీద ఎప్పుడూ సెయ్యనేదు. నీకెలగ తెలుస్తాది."

కంచం ముందుకు రాగానే నోరు బిగించే అమ్మ. అయిదుసార్లు పిలిచినా తల తిప్పని అమ్మ. మొండితనమని ఈ పుస్తకంలో నా చేత్తోనే రాశాను.

"గేటు కాడుండీ అస్కరి మంచోడు" అన్నాడు మావయ్య. "మాకు బిస్కట్లిచ్చీవోడు. ఆల మాట ఒకటి నేర్పినాడు, చకులా అని. తిండన్నమాట. మేం ఎల్లి చకులా అంటే నవ్వి బిస్కట్టు తీసీవోడు. అక్కకి పదేళ్ళు, నాకారు. అయ్య కూడు మూట పట్టుకుని కంచె కిందనుంచి దూరడం అక్క సూసింది. అవతల సెట్లలో ఇంకొంతమంది తుపాకులట్టుకుని కూకున్నారని దానికి తెలుసు. ఆలు కాల్చీస్తారని బెంగ. నన్ను రెక్కట్టుకుని ఈడి కాడికి పరిగెట్టింది. ఆడు మా అయ్య, దొంగ కాడు, పెద్దల కూడు పట్టుకెల్తన్నాడు, కాల్చకండి. ఇదీ సెప్పాల. దేంతో సెప్తాది? దానికొచ్చింది ఒక్క మాటే. చకులా అంది. తోట వైపు సెయ్యి సూపించింది."

మావయ్య గ్లాసు తీసుకుని చల్లారిన టీ తాగాడు. లోపల ఎక్కడో టీవీలో తమిళ పాట.

"ఆడు ఈలేసినాడు. అవతలోళ్ళు లేసి ఆగమని అరిసినారు. మూడుసార్లు అరిసినారు. మాకినబడింది. అయ్య తిరగనేదు. తిరక్కూడదు గదా."

నేనే అడిగాను, "అస్కరి ఏటి సేసినాడు?"

"తుపాకీ నేల మీద పడీసి ఏడిసినాడు. నాను సూసినాను. మర్నాటికి ఆడు నేడు, ఏరేవోడున్నాడు. సర్కారోళ్ళు కమ్యూనిస్టులకి కూడు మోసినాడని రాసుకున్నారు. మా అమ్మ బందిపోట్లు ఎత్తుకుపోయినారని సెప్పీది. అక్క ఏటీ సెప్పనేదు. ఇన్నేళ్ళకీ సెప్పనేదు లా. నివ్వడక్కపోతే నానూ సెప్పను."

వచ్చేటప్పుడు కార్లో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన తాపా ఊరి దాకా నడిపి, అక్కడ ఆపి నీళ్ళ సీసా ఇచ్చారు.

సెప్టెంబరు 14

అమ్మ ఇంకా ఆ మధ్యాహ్నంలోనే ఉంది. తాత కూడు పట్టుకుని వెళ్ళాడు, కాకి ముట్టిందని వచ్చి చెప్పలేదు. చెప్పేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. అంతే కదా సంగతి. ఇది తెలియక ఆ మాట వెంట నేను జర్మనీ దాకా వెళ్ళొచ్చాను.

వీరాస్వామి కేసు రాస్తాను. రాస్తేనే గాని ముందుకి కదలను.

ఎస్టేట్ ముసలాయన. కంపెనీ కొట్టంలోంచి ఏవో రాగి తీగలు పోయాయి. జడ్జి నేరం ఒప్పుకుంటావా అని అడిగాడు. ఆయన చేతులు కట్టుకుని, "తమరి దయ బాబూ" అన్నాడు. మన ముసలాళ్ళు దొర ముందు అవునన్నా కాదన్నా అలాగే అంటారు. కాలవ లస్కరుతోనైనా అలాగే అంటారు. ఆ కోర్టు గదిలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను దుబాసీని. తమరి దయ అన్నాడని అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. జడ్జి దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. రెండేళ్ళు. పదకొండో నెలలో జైల్లోనే పోయాడు.

నా తప్పేం లేదు. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు.

ఈ వాక్యం ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూడను.

సెప్టెంబరు 16

34.3. సెలవు రోజు కాబట్టి వీధంతా జెండాలు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని గేటునే చూస్తోంది. నేను అమ్మని చూస్తున్నాను. గేటు చూడను.

సెప్టెంబరు 18

తాత చేరాడు, కాకి ముట్టింది అని చెప్పి చూశాను. అమ్మ నా వైపు జాలిగా చూసింది. "నీకెలగ తెలుసు? నివ్వప్పటికి పుట్టనేదు. సూసినోడు ఆడు. ఆడు సెప్పాల."

పొద్దున వంటింట్లో ఈ సంగతి ఆయనకి చెప్పుకుంటే, "ఒరు పొయ్ దానే. పోయి అడిగినట్టు అడిగి, వాడు చెప్పాడని చెప్పెయ్ లా" అన్నారు. ఒక అబద్ధమే కదా అని.

"ఒక అబద్ధమేనా? నాకు మాట కల్పించడమంటే ఏమిటో మీకు ముప్పై ఏళ్ళలో తెలియలేదు" అని గయ్యిమన్నాను. ఆయన ఉల్లిపాయ తరుగుతూ, "అత్తయ్య ముప్పై నాలుగు కిలోలుంది. నాకది తెలుసు" అన్నారు.

ఇద్దరం ఆ తర్వాత మాట్లాడుకోలేదు. సాయంత్రం టీ ఆయనే పెట్టారు.

సెప్టెంబరు 20

33.9.

సెప్టెంబరు 21, ఆదివారం. మహాలయ అమావాస్య

పదకొండున్నరకి అన్నం వార్చి, పప్పు, గుమ్మడికాయ కూర, ఎండుచేప వేపుడు చేశాను. తాతకి ఎండుచేప ఇష్టమని మావయ్య చెప్పాడు. అమ్మకి కంచం తెచ్చి ఒళ్ళో పెట్టాను. నోరు బిగించింది. నేను పిలవలేదు.

చెప్పులేసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. అమ్మ కిటికీలోంచి చూస్తోందని వీపుకి తెలుస్తోంది. ఎండకి రోడ్డు మీద గాలి ఊగుతోంది. ఎవరూ లేరు. ఉత్తినే నిలబడి వెనక్కి రావచ్చు, అక్కడి నుంచి అమ్మకి వినబడదు. కాని ఉత్తినే నిలబడడం చేతకాలేదు. ఏ భాషలో అడగాలి? మలాయ్ అనుకున్నాను, ఇంగ్లీషు అనుకున్నాను. చివరికి తెలుగులోనే అడిగాను. అమ్మ ఆ రోజు చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆయన దొంగ కాదు. తన అమ్మానాన్నలకి కూడు తీసుకెళ్తున్నాడు. ఈ పిల్ల ఆయన్ని పట్టించడానికి రాలేదు, కాపాడమని వచ్చింది. పిలిస్తే తిరగడు, తిరక్కూడదు, అందుకని కాల్చకండి.

చెప్పి, జవాబు వచ్చేంతసేపు ఆగాను. అది పని అలవాటు. జవాబు రాలేదని ఇక్కడ రాయాలి. రాస్తున్నాను. రాలేదు.

లోపలికొచ్చాను. అమ్మ ఒళ్ళో కంచం అలాగే ఉంది. దాని ముందు నేల మీద కూర్చున్నాను.

"అడిగినానమ్మా."

అమ్మ కంచం పట్టుకుని ఉండి కూడా నోరు తెరిచింది. నెల రోజుల్లో మొదటిసారి.

"ఏటన్నాడు?"

"నివ్వు సెప్పింది ఆడికి తెలిసిందంట. కూడు పెద్దలకని తెలిసిందంట. ఈల వెయ్యనేదంట. అయ్య గోరీ కాడికెల్లి కూడెట్టడం కళ్ళారా సూసినాడంట."

"కాకి?"

"ముట్టింది. రెండొచ్చినాయంట."

నా గొంతు కోర్టులో ఎలా ఉండేదో అలాగే ఉంది, నిదానంగా, ఎవరి వైపూ మొగ్గకుండా. అమ్మ నా ముఖంలోకి చూసి చూసి, "నామీద కోపం నేదా ఆడికి?" అంది.

"నేదమ్మా. నిన్ను మంచి పిల్లన్నాడు."

అప్పుడు అమ్మ ఏడ్చింది. పదేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, ముక్కు చీదుకోకుండా, చేతులు కంచం మీదే ఉంచుకుని. ఏడుస్తూనే అన్నం కలిపింది. పదకొండు ముద్దలు తింది. లెక్కపెట్టాను. ఎండుచేప మళ్ళీ అడిగి పెట్టించుకుంది. ఆయన తలుపు దగ్గర నిలబడి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

వీరాస్వామి గారూ, మీ తరఫునా ఇలా చెప్పి ఉండాల్సింది.

సెప్టెంబరు 22, సోమవారం

ముప్పై నాలుగు మీద రెండు వందల గ్రాములు. డాక్టర్ కాటా రెండుసార్లు చూశాడు. గొట్టం అక్కర్లేదు, ఇలాగే తిననివ్వండి, నెలాఖరుకి రండి అన్నాడు. ఏం మందు మార్చారని అడిగాడు. ఏమీ మార్చలేదన్నాను. కార్లో ఆయన తమిళ పాటొకటి కూనిరాగం తీశారు. నాకూ పాడాలనిపించింది.

మధ్యాహ్నం అమ్మ తనంతట తనే కంచం అడిగింది. సగం తిని చెయ్యాపేసింది. మిగతా సగాన్ని చక్కగా ఒక పక్కకి సర్ది, పైన ఇంకో కంచం బోర్లించింది.

"ఇంకొంచెం తినమ్మా."

"అది అయ్యకి."

అమ్మ కిటికీలోంచి చూస్తూ, "అస్కరి ఎల్లిపోయినాడు. గేటు కాడ నేడు" అంది. ముఖం తేటగా, సంతోషంగా ఉంది. "కూడెట్టీసినాడు, కాకి ముట్టీసింది. మరి ఇంటికొచ్చీయాల గదా అయ్య. ఇంత సేపేటి?"

కుర్చీ లాక్కుని అమ్మ పక్కన కూర్చున్నాను.

"ఒస్తాడమ్మా" అన్నాను.

నిన్నటంత కష్టంగా లేదు చెప్పడం. అమ్మ నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం.